కోనసముద్రం కొలిమి నుంచి అరక్కోణం పట్టాల దాకా

క్రిందటి ఉగాదినాడు పంచాంగ శ్రవణం ముగిసినది. వేపపూవు పచ్చడి అందరికీ పంచినారు. పెద్దలు చాపలమీద చేరి కుశల ప్రశ్నలలో పడినారు. అప్పుడు నాకు మేనల్లుడి వరుసైన పిల్లవాడొకడు, ఇంజనీరింగు చదువుతున్నవాడు, నా పక్కకు వచ్చి కూర్చొని ఒక ప్రశ్న వేసినాడు.

“మామయ్యా! మనవాళ్ళు పద్యాలు వ్రాసినారు, కీర్తనలు కట్టినారు, గోపురాలు లేపినారు, ఊరగాయలు పెట్టినారు. కాదనను. కాని లోకంలో యంత్రాలు నడవడానికి పనికివచ్చిన వస్తువు ఒక్కటైనా మనవాళ్ళ చేతిమీదుగా పుట్టినదా?”

చుట్టూ ఉన్నవారు నవ్వినారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. నిజం చెప్పవలసివస్తే, అప్పటికి నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి బస్సులో తిరిగి వస్తూ ఉంటే కనకమ్మ సత్రం దగ్గర బండి కాసేపు ఆగినది. మదరాసు నుంచి తిరుపతికి పోయే ఈ బాటలో, నా చిన్నతనంలో, రోడ్డు పక్కన ఒక కమ్మరి కొలిమి ఉండేది. బండిచక్రానికి ఇనుపపట్టా ఎర్రగా కాల్చి తొడిగి, కడివెడు నీళ్ళు గుమ్మరిస్తే బుస్సుమని ఆవిరి లేచేది. మేము పిల్లలం దూరంగా నిలబడి చూచేవాళ్ళం. ఆ కొలిమి ఇప్పుడు లేదు. ఆ జాగాలో లారీల మరమ్మతు షెడ్డు ఉన్నది. ఆ షెడ్డు దీపం వెలుగులో విప్పి పెట్టిన లారీ సామానులు చూస్తూ ఉండగా, పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఉక్కులోనే ఉన్నదని నాకు తట్టినది.

తరువాత కొన్ని నెలలు పుస్తకాలు తిరగవేసినాను. దొరికినది ఇక్కడ వ్రాస్తున్నాను. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి రైలులో పోయేవారు అరక్కోణం జంక్షనులో చక్రాల కింద ‘టకటక’మనే చప్పుడు విని ఉంటారు. ఆ చప్పుడుకూ, తెలంగాణంలో ఒక పల్లె కొలిమికీ సంబంధం ఉన్నదంటే మీరు నమ్మరేమో. కాస్త ఓపికపట్టి చదవండి.

పోత ఉక్కు అనగా ఏమి?

ఇనుము ఒకటే గాని, దాని అవతారాలు మూడు. కొలిమిలో కాల్చి సమ్మెటతో సాగగొట్టేది చేత ఇనుము. ఇందులో బొగ్గుసారం, అనగా కార్బను, దాదాపు లేదు. మెత్తగా ఉంటుంది, వంగుతుంది, అంచు నిలవదు. రెండవది పోత ఇనుము. ఇందులో కార్బను నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళ దాకా ఉంటుంది. సులభంగా కరుగుతుంది, అచ్చులో చక్కగా పారుతుంది. మన ఇళ్ళలోని పాతకాలపు దోసెపెనం ఇదే. ఐతే ఆ పెనం చేయిజారి బండమీద పడితే రెండు ముక్కలవుతుందని ఇల్లాండ్రకు తెలుసును. ఈ రెంటికీ నడుమ నిలిచినది ఉక్కు. కార్బను పేరుకు కొద్దిగా మొదలై, నూటికి రెండు పాళ్ళకు లోపల ఉంటుంది. దెబ్బకు ఓర్చుకుంటుంది, అంచు నిలుపుతుంది.

చిక్కు ఎక్కడ వచ్చినదంటే, ఉక్కును కరిగించడం కష్టం. శుద్ధమైన ఇనుము కరగడానికి 1,538 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. పోత ఇనుము 1,150 డిగ్రీల దగ్గరనే కరుగుతుంది. కాబట్టి లోకంలో చాలా దేశాలవారు ఉక్కును వేల సంవత్సరాలు కరిగించకుండానే, కాల్చి కొట్టి తయారుచేసుకున్నారు. అట్లా చేసినదానిలో చిట్టెం చారలు చారలుగా మిగిలిపోయేది. ఒకచోట గట్టి, ఒకచోట మెత్తన. కత్తి ఎక్కడ విరుగుతుందో, గడియారపు స్ప్రింగు ఎప్పుడు తెగుతుందో చెప్పలేరు. ఉక్కును పూర్తిగా నీరు చేస్తేగాని చిట్టెం పైకి తేలదు, లోపలంతా ఒకే తీరు కాదు. అట్లా నీరుగా చేసి తీసిన ఉక్కునే పూర్వం ఇంగ్లండువారు పోత ఉక్కు అన్నారు. ఈనాడు ఆ మాటకు, కరిగిన ఉక్కును కావలసిన ఆకారంలో అచ్చుపోసిన వస్తువు అనే అర్థం స్థిరపడినది.

ఆ కరిగించే విద్య మనవారికి తెలుసును.

కోనసముద్రం

నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉన్నది. ఉక్కు చరిత్ర వ్రాసిన ప్రతి దేశంవాడూ ఈ పల్లె పేరు వ్రాయక తప్పలేదు. భూమికొలతల సర్వేలో భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ అనే దొర 1820 ప్రాంతంలో ఇక్కడికి వచ్చి, కొలిముల పక్కన నిలబడి చూచి వ్రాసుకున్నాడు. ఆయన 1824లో చనిపోయినాడు. ఆ వ్రాత 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది.

పని ఇట్లా జరిగేది. మట్టితో మూస చేస్తారు. మంటకు పగలని మట్టి కావలెను, అందులో ఊక కలుపుతారు. ఆ మూసలో చేత ఇనుము ముక్కలు పెడతారు. కోనసముద్రంలో రెండు వేరువేరు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుము పాళ్ళు చూచి కలిపేవారు. పైన కొంచెం గాజు వేసేవారు. కరిగిన గాజు చిట్టెాన్ని తనలో కలుపుకొని పైన మూతలాగా నిలుస్తుంది. తరువాత కొలిమిలో పెట్టి, తిత్తులు విడవకుండా ఊదుతూ ఒక పగలూ ఒక రాత్రీ కాచేవారు. దక్షిణాదిన సేలం మొదలైన చోట్ల పద్ధతి కొంచెం వేరు. అక్కడ మూసలో ఇనుముతో పాటు ఎండిన తంగేడు కట్టె ముక్కలు వేసి, పైన జిల్లేడు వంటి పచ్చి ఆకులు ఒకటి రెండు కప్పి, మట్టితో మూతి మూసేవారు. ఇరవై ఇరవైనాలుగు మూసలు ఒకే కొలిమిలో పేర్చి రెండున్నర గంటలు ఊదేవారు.

తంగేడు ఎందుకు? మూసలో గాలి చొరదు. కాబట్టి ఆ కట్టె కాలిపోదు, బొగ్గవుతుంది. బొగ్గుసారం మెల్లగా ఇనుములోనికి ఇంకుతుంది. కార్బను ఎక్కుతున్నకొద్దీ ఇనుము కరగడానికి కావలసిన వేడి తగ్గుతుంది. 1,538 డిగ్రీల దగ్గర గాని లొంగని లోహం అంతకంటె తక్కువ వేడికే నీరవుతుంది. ఈ రసాయన సూత్రం పుస్తకాలకు ఎక్కకముందే కొలిమి దగ్గరివారు దానితో పని చేయించుకున్నారు. బతుకమ్మలో పేర్చే తంగేడుపూల మొక్కకు ఇట్లాంటి పని కూడ ఉన్నదని మన ఆడపడుచులకు చెప్పవలసిన సంగతే.

మంట ఆరినాక మూసను అట్లాగే చల్లారనిస్తారు. పగలగొడితే అడుగున గుండ్రటి ఉక్కు బిళ్ళ ఉంటుంది. సేరుకు కాస్త ఇటూ అటూ తూగుతుంది. దానిని మట్టి పూసి మళ్ళీ మళ్ళీ సన్నమంటన కాచి, మెత్తబరచి, అప్పుడు కత్తి పనివానికి అమ్ముతారు.

పులికాటు రేవులో

ఈ బిళ్ళలు కొనడానికి పారశీక దేశపు వర్తకులు కోనసముద్రం దాకా నడిచి వచ్చేవారు. వాయిసీ వచ్చిన నాటికి కూడ ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు అక్కడ కూర్చొని సరుకు చూచుకుంటున్నాడు. 17వ శతాబ్దంలో గోలకొండ రాజ్యం చూచిపోయిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, పారశీకులు కత్తులమీద నీటి అలల వంటి చారలు తేల్చడానికి గోలకొండ ఉక్కే పనికివస్తుందని వ్రాసినాడు. డమాస్కసు కత్తి అని లోకం పేరుపెట్టినది ఇట్లాంటి వాటికే.

ఇక్కడ మన జిల్లా కథ ఒకటి కలుస్తుంది. డచ్చివారు 1610లో పులికాటులో దిగి కోట కట్టుకున్నారు. 1690 దాకా కోరమాండల్ తీరంలోని వారి వ్యాపారమంతటికీ అదే ముఖ్యస్థానం. గోదావరి, కృష్ణా మండలాల నుంచి వారు ఓడలకెత్తిన సరుకులో బట్టలతో పాటు ఇనుము, ఉక్కు, మేకులు కూడ ఉండేవి. ఆ లెక్కలు చూచిన గుమాస్తాలు కూర్చున్నది ఈనాటి తిరువళ్ళూరు జిల్లాలోని పులికాటు కోటలో. ఆదివారం పూట పడవ షికారుకు పోయేవారు ఈ సంగతి పిల్లలకు చెప్పవచ్చును.

ఐతే ఒక మాట. మూస ఉక్కు మన సొత్తే, మరెవ్వరికీ తెలియదు అని గొప్పలు పోరాదు. సింహళంలో చేసినారు. మధ్య ఆసియాలోని మెర్వు మొదలైన చోట్ల చేసినారు. తమిళ దేశంలో, కన్నడ దేశంలో చేసినారు. మనవారు ఆ పనివారిలో పేరెన్నికగన్నవారు. అంతమాట చాలును, అది నిజం కూడాను.

ఉక్కు ‘వూట్జ్’ ఐనది

1794లో బొంబాయిలో ఉన్న హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు ఈ ఉక్కు బిళ్ళలు కొన్ని లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్సుకు పంపినాడు. మరుసటి సంవత్సరం జార్జి పియర్సన్ అనే పండితుడు వాటిని పరీక్షించి రాయల్ సొసైటీలో వ్యాసం చదివినాడు. అందులో దీని పేరు ‘వూట్జ్’ అని అచ్చుపడినది. ఇది కన్నడ, తెలుగు భాషలలోని ‘ఉక్కు’ అనే మాటకు వచ్చిన రూపమని పండితుల అభిప్రాయం. ఈనాటికీ ప్రపంచంలో ఏ లోహశాస్త్ర గ్రంథం తెరచినా ఈ మాట కనపడుతుంది. మన పేరు మనకే గుర్తు తెలియనంతగా మారిపోయినది గాని, చెరిగిపోలేదు.

లండనులో కత్తులు, శస్త్రచికిత్స పనిముట్లు చేసే జేమ్స్ స్టోడార్టు ఈ ఉక్కుతో పనిచేసి, ఇంతటి మంచి ఉక్కు తాను చూడలేదని మెచ్చుకున్నాడు. ఆయనతో కలిసి దీనిని పరిశోధించినవాడు ఎవరనుకున్నారు? కమ్మరి కొడుకై పుట్టి, తరువాతి కాలంలో విద్యుచ్ఛక్తి శాస్త్రానికి పునాది వేసిన మైకేల్ ఫారడే. 1819 నుంచి కొన్ని సంవత్సరాలు వారు ఉక్కు రహస్యం వెదకినారు. రహస్యం దొరకలేదు. కాని ఉక్కులో వెండి, ప్లాటినం, క్రోమియం వంటి లోహాలు కలిపి చూడాలనే ఆలోచన ఆ వెదకులాటలో బలపడినది. మిశ్రమ ఉక్కుల శాస్త్రానికి అదొక తొలి అడుగు.

పోసినవారు, పోయనివారు

ఇంతలో ఇంగ్లండులో మరొక దారి తెరచుకున్నది. డాంకాస్టరు ఊరిలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఉండేవాడు. మంచి స్ప్రింగు దొరకక విసిగిపోయి, షెఫీల్డు దగ్గరకు మకాం మార్చి, 1740 ప్రాంతంలో మట్టి మూసలో ఉక్కును కరిగించే పద్ధతి సాధించినాడు. మన ఉక్కు చూచి నేర్చుకున్నాడని చెప్పడానికి ఆధారమేమీ లేదు. తన కష్టంమీద తాను కనుగొన్నాడు. షెఫీల్డు కత్తుల పనివారు మొదట ఆ ఉక్కును ముట్టుకోలేదు, మరీ గట్టిగా ఉన్నదన్నారు. ఆయన ఫ్రాన్సుకు అమ్మినాడు. ఫ్రెంచి కత్తులు వచ్చి తమ అంగళ్ళు ముంచుతున్నవని తెలిసినాక గాని షెఫీల్డువారికి కన్ను తెరిపిడి పడలేదు.

హంట్స్‌మన్‌కూ కోనసముద్రం కమ్మరికీ భేదం ఎక్కడ ఉన్నది? ఇద్దరిదీ మూసే. ఇద్దరూ కరిగించినవారే. మన కమ్మరి మూసను కదల్చలేదు. తోడుపెట్టిన పెరుగు కుండలోనే పేరుకున్నట్లు, ఉక్కు మూసలోనే మెల్లగా గడ్డకట్టినది. అట్లా నిదానంగా చల్లారడంవల్లనే లోపల ఆ వింత చారలు ఏర్పడేవి. ఆయనకు కావలసినది కత్తికి తగిన బిళ్ళ. హంట్స్‌మన్ పట్టుకారుతో మూసను పైకెత్తి, బెల్లంపాకం అచ్చులలో పోసినట్లు, ఉక్కును అచ్చులో పోసినాడు. ఒక్క మూస చాలకపోతే రెండు మూసలు ఒకే అచ్చులో పోయవచ్చును, పది పోయవచ్చును. బిళ్ళకు పరిమాణం ఉన్నది గాని, పోతకు హద్దు లేదు. చూడడానికి చిన్న భేదం. కాని యంత్రయుగానికి దారి ఆ భేదంలోనే ఉన్నది.

ఐనా ఒక శతాబ్దంపాటు వారు పోసినది దిమ్మలే. ఆ దిమ్మను కొట్టి, సాగదీసి వస్తువు చేసేవారు. సరాసరి వస్తువునే పోయడం ఇంకా కష్టం. ఉక్కు వేడికి మామూలు ఇసుక అచ్చు కరిగి అంటుకుంటుంది. చల్లారేటప్పుడు ఉక్కు బాగా కుదించుకుపోతుంది. పోత ఇనుము అడుగుకు అంగుళంలో ఎనిమిదవ వంతు తగ్గితే, ఉక్కు పావు అంగుళం తగ్గుతుంది. నమూనా ఆ మేరకు పెద్దది చేసుకోవలెను. లోపల గుల్ల పడకుండా పైన అదనంగా లోహం నిలిపి ఉంచవలెను. ఈ చిక్కులు విప్పి, 1851లో జర్మనీలోని బోకుమ్ నగరంలో జాకోబ్ మయ్యరు ఉక్కుతో ఆకారాలు పోసినాడు. ఆయన పోసిన ఉక్కు గంటలు 1855లో పారిస్ ప్రదర్శనకు వచ్చినవి. పేరుమోసిన క్రుప్ప్ ఇది ఉక్కు కాదు, పోత ఇనుమే అని ఆక్షేపించినాడు. మయ్యరు మాటలాడలేదు. ఒక గంటను పగలగొట్టించి, ఆ ముక్కలను కొలిమిలో కాల్చి సాగగొట్టించి చూపినాడు. పోత ఇనుము సమ్మెట కింద పిండి అవుతుంది, ఉక్కు సాగుతుంది. సభలో నోళ్ళు మూతపడినవి.

పరంగిపేట హీత్ దొర

మన దక్షిణ దేశంలో ఈ రెండు దారులూ కలిసే అవకాశం ఒకసారి వచ్చినది. మదరాసులో కంపెనీ ఉద్యోగం చేసిన జోసయా మార్షల్ హీత్ ఉద్యోగం వదులుకొని, 1830 ప్రాంతంలో దక్షిణార్కాడు తీరాన పరంగిపేటలో ఇనుప కార్ఖానా పెట్టినాడు. సేలం ఖనిజం, అడవి బొగ్గు, ఇంగ్లండు యంత్రాలు. మన కమ్మరుల మూస పద్ధతిని శ్రద్ధగా చూచి వ్రాసినవారిలో ఆయన ఒకడు. ఇంగ్లండులో 1839లో ఒక పేటెంటు తీసుకున్నాడు. పోత ఉక్కు మూసలో కొంచెం మాంగనీసు వేస్తే ఉక్కు విరుగుడు లేకుండా చక్కగా సాగుతుందని దాని సారాంశం. షెఫీల్డు వ్యాపారులు ఆ పద్ధతివల్ల ఎంతో గడించినారు, హీత్‌కు మాత్రం రావలసినది ఇవ్వలేదు. వ్యాజ్యం ఏండ్ల తరబడి నడిచి, ఆయన పోయిన తరువాత 1855లో ప్రభువుల సభలో ఆయన పక్షానికి వ్యతిరేకంగా తీరినది. పరంగిపేట కార్ఖానా కూడ నిలువలేదు. బొగ్గుకోసం అడవులు తరిగి, ఖర్చు పెరిగి, మూతపడినది.

కొలిములు ఎందుకు ఆరినవి?

మన కమ్మరుల కొలిములు ఆరడానికి కారణాలు అనేకం. అన్నిటినీ తెల్లవాడి నెత్తిన వేస్తే సులభమే గాని, సత్యం కాదు. మొదటిది కరవు. బెంజమిన్ హైన్ అనే వైద్యుడు 1795లో నూజివీడు దగ్గర రమణక్కపేటలో ఇనుము కొలిములు చూచి వ్రాసినాడు. అంతకు ముందు వచ్చిన కరవులో పనివారు చచ్చినవారు చావగా, చాలా కొలిములు పాడుపడి ఉన్నవి. రెండవది బొగ్గు. సేరు ఉక్కుకు ఎన్నో రెట్లు కట్టె కాలవలెను. అడవులు ప్రభుత్వం చేతికి పోయినాక కట్టె ప్రియమైనది. మూడవది బేరం. కత్తులు, బాకులు వాడే రాజ్యాలు పోయినవి. 1878లో ఆయుధాల చట్టం వచ్చినది. నాలుగవది 1856లో బెస్సెమరు కనుగొన్న పద్ధతి. టన్నులకొద్దీ ఉక్కును నిమిషాలలో తీసి ఓడలమీద తెచ్చి చౌకగా అమ్మితే, తిత్తి ఊదేవాడు ఏమి చేయగలడు?

ఐదవ కారణం నాకు అన్నిటికంటె బాధ కలిగిస్తుంది. ఈ విద్య తండ్రి నుంచి కొడుకుకు నోటిమాటగా, చేతివాటంగా వచ్చినది. ఎవరూ వ్రాసిపెట్టలేదు. కమ్మరివానికి చదువు లేదు, చదువుకున్నవాడు కొలిమి దగ్గరకు పోలేదు. మన ఉక్కు సంగతి మనకు తెలియడానికి వాయిసీ, హైన్, హీత్ వంటి పరదేశీయుల వ్రాతలే ఎక్కువగా ఆధారమైనవి. మన భాషలో ప్రబంధాలు వెలసిన కాలంలోనే ఆ కొలిములూ మండినవి. కొలిమిమీద ఒక శాస్త్రగ్రంథం వ్రాసి ఉంటే ఎంత బాగుండును!

ఈమధ్య కొంత దిద్దుబాటు జరిగినది. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంవారు కలిసి ఉత్తర తెలంగాణంలో ఊరూరా తిరిగినారు. చిట్టెం కుప్పలు, పగిలిన మూసలు, కొలిమి దిబ్బలు రెండువందలకు పైబడిన చోట్ల గుర్తించినారు. మూసలు ఇంకా మట్టిలో ఉన్నవి. చూచే కన్ను కావలెను.

అరక్కోణం చప్పుడు

ఇక రైలు ఎక్కుదాం. 1856 జూలై 1న దక్షిణ భారతంలో మొదటి రైలు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు, మన తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా నడిచినది. నాటి పట్టాలు చేత ఇనుమువి. ఒక పట్టా మరొక పట్టాను దాటేచోట సందు ఉండక తప్పదు. చక్రం ఆ సందును దూకి అవతలి ముక్కుమీద పడుతుంది. మనం వినే ‘టకటక’ అదే. ప్రతి చక్రమూ అక్కడ ఒక సమ్మెటదెబ్బ. రోజుకు ఎన్ని వేల దెబ్బలో! మెత్తని లోహమైతే అణగిపోతుంది, పెళుసైనదైతే చిట్లుతుంది.

దీనికి మందు కనుగొన్నవాడు షెఫీల్డుకు చెందిన రాబర్టు హాడ్‌ఫీల్డు. 1882లో ఉక్కులో నూటికి పన్నెండు పదమూడు పాళ్ళు మాంగనీసు కలిపి చూచినాడు. వింత లోహం వచ్చినది. మామూలు ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడి పెళుసవుతుంది. ఇది నీళ్ళలో ముంచితే పెళుసుతనం పోతుంది. అటుపైన దెబ్బ తగిలేకొద్దీ దాని పైపొర గట్టిపడుతుంది, లోపల మాత్రం ఓర్పు పోదు. కొయ్యడానికి, చెక్కడానికి లొంగదు కాబట్టి అచ్చుపోయడమే దానికి తగిన దారి. రద్దీగల మార్గాలలో పట్టాలు దాటేచోట పెట్టే ముక్క ఈ మాంగనీసు పోత ఉక్కుతోనే పోస్తారు. రాళ్ళు నలిపే మరల దవడలు, తవ్వే యంత్రాల పళ్ళు కూడ దీనివే. ఈ హాడ్‌ఫీల్డే ఢిల్లీ ఇనుపస్తంభాన్ని, సింహళపు పాత ఇనుమును పరీక్షించినాడు. ఫారడే మన ఉక్కు వెదకులాటలో పోసిన ముక్కలను వెలికితీసి 1931లో గ్రంథం వ్రాసినాడు. నూలుపోగు ఎక్కడా తెగలేదు చూడండి.

మరి ఆ మాంగనీసు? మన దేశంలో మాంగనీసు ఖనిజం తవ్వకం మొదలైనది 1892లో, నాటి విశాఖపట్నం జిల్లాలో, విజయనగరం ప్రాంతపు గనులలో. తట్టలు మోసిన కూలీలు తెలుగువారు. ఆ రాయి ఓడలెక్కి సముద్రాలు దాటి, పరదేశపు మూసలలో పడినది.

తిరుత్తణి స్టేషనులో నిలబడి ఒక గూడ్సుబండి పోవడం చూడండి. వ్యాగనుల కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం పోత ఉక్కు. వ్యాగనును వ్యాగనుతో బిగించే కొక్కెం, మనిషి పిడికిలి ఆకారంలో ఉండేది, పోత ఉక్కు. చక్రాలలో చాలా భాగం బెంగుళూరు దగ్గర యెలహంక కర్మాగారంలో 1984 నుంచి పోస్తున్న పోత ఉక్కు చక్రాలు. అక్కడ కరిగిన ఉక్కును కింద నుంచి గాలి ఒత్తిడితో పైకెక్కించి గ్రాఫైటు అచ్చులు నింపుతారు. మన ఆవడిలో 1980వ దశకం నుంచి తయారైన అజేయ టాంకుల తలభాగం కూడ పోత ఉక్కే. విద్యుత్కేంద్రాలలో ఆవిరి టర్బైనుల పైతొడుగులు, అధిక పీడనాన్ని ఆపే వాల్వులు, నీటి టర్బైనుల రెక్కలు ఇట్లాంటివే. చెక్కి చేస్తే వృథా, అతికితే బలహీనం అనిపించే వంకర ఆకారాలన్నిటికీ పోత ఉక్కే గతి.

విశాఖ ఉక్కు

తెలుగువారికి ఉక్కు అనగానే విశాఖ గుర్తుకు వస్తుంది. 1966లో విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం కావాలని ఉద్యమం లేచినది. అమృతరావుగారు నిరాహారదీక్ష పూనినారు. కాల్పులలో ప్రాణాలు పోయినవి. 1970లో కేంద్రం ఒప్పుకున్నది, 1971లో శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1న ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితం చేసినారు. అక్కడ కరిగిన ఉక్కు అంతా నిరంతరపు పోతతోనే గడ్డకడుతుంది. పైన పోస్తూ ఉంటే కింద దిమ్మ ఎడతెగక దిగుతూ ఉంటుంది. కోనసముద్రంలో పోయకుండా ఆగిన ఉక్కు, అదే తెలుగు నేలమీద, ఇన్నాళ్ళకు ధారగా పారినది.

మన తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మదరాసు రాష్ట్రంలో చేరినది. మనలో కొందరు ఇక్కడికి వలస వచ్చినవారు. కొందరు కదలలేదు, ఎల్లయే కదలినది. ఎల్ల ఎటు జరిగినా మాట మనతో ఉన్నది. ‘ఉక్కుమనిషి’ అంటాము, ‘మూసపోసినట్లు తండ్రి పోలికే’ అంటాము. ఆ మాటల వెనుక కొలిమి ఉన్నదని పిల్లలకు తెలియకపోతే, మాట మిగిలి అర్థం ఆరిపోతుంది.

కాబట్టి, అబ్బాయీ! నీ ప్రశ్నకు నా జవాబు ఇది. మనవారు ఉక్కును కరిగించినారు, లోకం మెచ్చేటట్లు కరిగించినారు. కాని పోయలేదు, వ్రాయనూ లేదు. ఈ రెండూ కలిపి చెప్పినప్పుడే మన చరిత్ర పూర్తి అవుతుంది. మొదటిది చెప్పి రెండవది దాచితే గొప్పలు. రెండవది చెప్పి మొదటిది మరిస్తే కృతఘ్నత. పోయడం ఇప్పుడు నేర్చుకున్నాము. వ్రాయడం నీ వంతు. మీ ఊళ్ళో ముసలి కమ్మరి ఎవరైనా మిగిలి ఉంటే, అటకమీద పాత కొడవలి ఏదైనా ఉంటే, అది ఏ కొలిమిలో, ఎట్లా చేసినారో అడిగి ఒక కాగితంమీద వ్రాసిపెట్టు. వచ్చే ఉగాదికి మన సంచికలో అచ్చువేద్దాం.

సంఘ సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ నూతన సంవత్సరం ఆయురారోగ్యాలు, ఉక్కువంటి దార్ఢ్యం ప్రసాదించుగాక!